థైరాయిడ్ క్యాన్సర్ ఆపరేషన్: పారాథైరాయిడ్‌లను కాపాడినా కాల్షియం ఎందుకు తగ్గుతుంది?

క్యాన్సర్ అని థైరాయిడ్ తీసేస్తారు. మర్నాడో రెండో రోజో పెదవుల చుట్టూ తిమ్మిరి మొదలవుతుంది. వేళ్ల చివర్లు సూదులు గుచ్చినట్టుంటాయి. రక్తం పరీక్షిస్తే కాల్షియం పడిపోయిందంటారు. తీసింది థైరాయిడ్ అయితే తగ్గింది కాల్షియం ఏమిటని ఇంట్లోవాళ్లకు ఒకటే టెన్షన్. సర్జన్‌ను అడిగితే, “పారాథైరాయిడ్‌లు నాలుగూ కాపాడాం, అదే సర్దుకుంటుంది” అంటారు. ధైర్యం చెప్పే మాటే, కానీ అనుమానం తీరదు. కాపాడితే కాల్షియం ఎందుకు తగ్గినట్టు?

న్యాయమైన అనుమానమే. పారాథైరాయిడ్‌ను కాపాడటం నాలుగు అంచెల వ్యవహారం. మొదట గ్రంథి కంటపడాలి. తర్వాత దాన్ని ఉన్నచోటే ఉంచగలగాలి. ఉంచాక దానికి రక్తం అందుతూ ఉండాలి. రక్తం అందాక అది హార్మోన్ తయారుచేయాలి. మొదటి రెండూ ఆపరేషన్ బల్ల దగ్గరే తేలిపోతాయి. మూడోది సగమే తెలుస్తుంది. నాలుగోది రక్తపరీక్ష చెప్పేదాకా ఎవరికీ తెలియదు. ఈ విషయంలో డాక్టర్ల మధ్య నడిచే వాదనల్లో చాలావాటికి మూలం, ఒకరు ఒక అంచె గురించి మాట్లాడితే మరొకరు ఇంకో అంచె గురించి మాట్లాడటమే.

## థైరాయిడ్ వెనక ఉండేవి

థైరాయిడ్ మెడ ముందు భాగంలో, శ్వాసనాళాన్ని రెండువైపులా హత్తుకుని ఉంటుంది. దాని వెనక అంచును అంటిపెట్టుకుని పైన రెండు, కింద రెండు పారాథైరాయిడ్ గ్రంథులుంటాయి. ఒక్కోటి కందిపప్పు బద్దంత. బరువు సుమారు 30 నుంచి 40 మిల్లీగ్రాములు. పక్కపక్కనే ఉన్నా, పనిలో థైరాయిడ్‌తో వీటికి పొత్తు లేదు.

నాలుగు అన్న లెక్క కూడా అందరికీ వర్తించదు. స్వీడన్ పరిశోధకులు 503 మృతదేహాలను పరీక్షించి 1984లో ప్రచురించిన అధ్యయనంలో, 84 శాతం మందిలోనే సరిగ్గా నాలుగు కనిపించాయి. 13 శాతం మందిలో అంతకన్నా ఎక్కువ, 3 శాతం మందిలో మూడే ఉన్నాయి. ఉండే చోటు విషయంలోనూ అంతే. పై జంట కాస్త నమ్మకంగా ఒకేచోట దొరుకుతుంది. కింది జంట పిండదశలో, ఛాతీ పైభాగంలో ఉండే థైమస్ గ్రంథితో కలిసి పుట్టి, దానితోపాటు కిందికి ప్రయాణం చేస్తుంది. ఆ దారిలో ఎక్కడైనా ఆగిపోవచ్చు. దవడ ఎముక దగ్గర నుంచి ఛాతీలోపలి వరకు అది దొరకని చోటు లేదు.

వీటి పని ఒక్కటే: పారాథైరాయిడ్ హార్మోన్, అంటే పీటీహెచ్, తయారుచేసి రక్తంలో కాల్షియం ఒక మట్టానికి తగ్గకుండా చూడటం. ఈ హార్మోన్ ఎముకలోంచి కాల్షియాన్ని రక్తంలోకి తెస్తుంది. మూత్రంలో పోబోయే కాల్షియాన్ని కిడ్నీ దగ్గర ఆపి వెనక్కి పంపుతుంది, ఫాస్ఫరస్‌ను మాత్రం బయటికి తోసేస్తుంది. విటమిన్ డిని కిడ్నీలోనే చురుకైన రూపానికి మారుస్తుంది. అలా మారిన విటమిన్ డి ఉంటేనే పేగులు తిండిలోని కాల్షియాన్ని సరిగ్గా పీల్చుకుంటాయి. పీటీహెచ్ ఆగిపోతే ఈ దారులన్నీ ఒకేసారి మూసుకుపోతాయి. కాల్షియం తగ్గిన నరాలు చిన్న కదలికకే ఉలిక్కిపడతాయి. తిమ్మిర్లు అందుకే. మరీ తగ్గితే చేతివేళ్లు కొంకర్లు పోతాయి, గొంతు కండరాలు పట్టేస్తాయి, గుండె లయ తప్పవచ్చు, ఫిట్స్ రావచ్చు.

## సర్జన్లకు ఇది తెలిసిన తీరు

మనిషిలో ఈ గ్రంథులను 1880లో వర్ణించింది ఇవార్ సాండ్‌స్ట్రోమ్ అనే స్వీడన్ వైద్య విద్యార్థి. అంతకు ముప్పై ఏళ్ల ముందే లండన్ జూలో చనిపోయిన ఒక భారతీయ ఖడ్గమృగాన్ని కోసి చూస్తూ బ్రిటిష్ శరీర నిర్మాణ నిపుణుడు రిచర్డ్ ఓవెన్ ఇలాంటి గ్రంథిని గమనించాడు. అంత పెద్ద జంతువులో ఇంత చిన్న వస్తువు కంటబడటం వింతే.

అవి ఏం చేస్తాయో తెలియని కాలంలోనే థైరాయిడ్ ఆపరేషన్లు మొదలైపోయాయి. వియన్నాలో బిల్‌రోత్ అనే సర్జన్ దగ్గర ఆపరేషన్ అయినవారిలో కొందరికి కాళ్లూ చేతులూ కొంకర్లు పోయేవి. స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో కోచర్ అనే సర్జన్ రోగులకు ఆ బాధ తక్కువ, కానీ థైరాయిడ్ లోపం వల్ల ముఖం ఉబ్బి మందకొడిగా మారేవారు. ఇద్దరి పనితీరునూ దగ్గరగా చూసిన అమెరికా సర్జన్ హాల్‌స్టెడ్ కారణం ఊహించాడు. కోచర్ నెమ్మదిగా, రక్తం చిందకుండా, థైరాయిడ్ పొరను అంటిపెట్టుకుని పనిచేస్తాడు. అందుకే థైరాయిడ్ పూర్తిగా పోయి, చుట్టూ ఉన్నవి బతుకుతాయి. బిల్‌రోత్‌ది వేగం. అక్కడ థైరాయిడ్ ముక్కలు మిగులుతాయి, పారాథైరాయిడ్‌లు దెబ్బతింటాయి. 1907లో హాల్‌స్టెడ్, ఈవాన్స్ కలిసి ఈ గ్రంథుల రక్తనాళాల పటం గీశారు. రెండేళ్ల తర్వాత మెక్‌కాలమ్, వోగ్ట్‌లిన్ అనే పరిశోధకులు ఆ కొంకర్లకు కారణం కాల్షియం తగ్గడమేనని కుక్కలపై ప్రయోగాలతో చూపారు. నేటి ఆపరేషన్ పద్ధతికి మూలం ఆ పటమే.

## అసలు దెబ్బ తగిలేది రక్తనాళానికి

పారాథైరాయిడ్ దెబ్బతిందంటే పొరపాటున కోసి తీసేశారేమోనని అనుకుంటాం. అదీ జరుగుతుంది. తీసిన థైరాయిడ్‌ను పాథాలజిస్టు మైక్రోస్కోప్ కింద చూస్తే, దానికి అతుక్కునో, లోపలే దాగి ఉండో ఒక పారాథైరాయిడ్ కనపడటం అరుదేమీ కాదు. కొందరిలో అది థైరాయిడ్ కణజాలం లోపలే ఉంటుంది. ఎంత జాగ్రత్తపడ్డా దొరకదు.

కానీ ఎక్కువసార్లు గ్రంథి ఉన్నచోటే ఉంటుంది, రక్తమే అందదు. ఒక్కో గ్రంథికి వెంట్రుకంత సన్నని ధమని ఒక్కటే రావడం ఎక్కువ, చాలాసార్లు అది కింది థైరాయిడ్ ధమని కొమ్మే. పక్కనుంచి ఆదుకునే దారులు తక్కువ. ఆ కొమ్మ తెగినా, మెలిపడినా, రక్తం ఆపే పరికరం వేడి తగిలినా గ్రంథి ఊపిరి ఆగినట్టే. అందుకే ఇప్పుడు పెద్ద ధమనిని మొదట్లోనే కట్టేయరు. థైరాయిడ్ పొరను ఆనుకుని, ఒక్కో చిన్న కొమ్మనూ అది థైరాయిడ్‌లోకి దూరేచోటే ఆపుతూ, పారాథైరాయిడ్‌ను దాని రక్తనాళాల తొడిమతో సహా మెల్లగా పక్కకు దించుతారు.

ఆపరేషన్ మధ్యలో గ్రంథిని చూసి దాని స్థితి చెప్పడం వినడానికి తేలిక. దగ్గరగా చూస్తే అసలు చిక్కు అక్కడే. ఆరోగ్యమైన పారాథైరాయిడ్ పసుపు కలిసిన గోధుమరంగులో ఉంటుంది. చుట్టూ ఉన్న కొవ్వు పసుపు, పక్కనే లింఫ్ గ్రంథి బూడిదరంగు గులాబి. ఒక్క రక్తపు చుక్క పరుచుకుంటే ఈ మూడూ ఒకేలా కనిపిస్తాయి. సిర మూసుకుపోతే గ్రంథి నల్లబడుతుంది, అది కంటికి తెలుస్తుంది. ధమని తెగితే మాత్రం చాలాసేపు రంగు మారకుండానే ఉండిపోవచ్చు. అనుమానం వస్తే కొందరు సర్జన్లు దాని పైపొరను కత్తి మొనతో చిన్నగా గీరి చూస్తారు. ఎర్రటి రక్తం ఊరితే బతికున్నట్టు. నల్లటి రక్తం కారితే లోపల నిలిచిపోయిన రక్తం బయటికొచ్చి గ్రంథి తేరుకోవచ్చు. ఏమీ రాకపోతే అది నిలిచే అవకాశం తక్కువ.

మరి నాలుగింటినీ వెతికి పట్టుకోవాలా, కనిపించినవాటిని మాత్రం కాపాడుకుంటూ పోవాలా? వెతకాలనేవారి మాట: చూడనిదాన్ని కాపాడలేం, తెలియకుండా కోసేస్తాం. వద్దనేవారి మాట: వెతకడానికి కణజాలాన్ని కదిలించే కొద్దీ ఆ సన్నని నాళాలే తెగుతాయి. ఎక్కువ గ్రంథులు కనిపించిన రోగుల్లోనే తాత్కాలికంగా కాల్షియం తగ్గడం ఎక్కువని కొన్ని అధ్యయనాలు చెప్పడం రెండో వాదనకు బలం. అయితే కష్టమైన ఆపరేషన్లలోనే ఎక్కువ తవ్వాల్సి వస్తుంది కాబట్టి, దెబ్బ వెతకడం వల్లా కష్టం వల్లా అన్నది విడదీయడం కష్టం.

## క్యాన్సర్ వచ్చేసరికి లెక్క మారేదెందుకు

మామూలు గడ్డకు చేసే ఆపరేషన్‌లో, అనుమానమున్నచోట పారాథైరాయిడ్ పక్కన కాస్త థైరాయిడ్ వదిలేయొచ్చు. క్యాన్సర్‌లో ఆ వెసులుబాటు తక్కువ. పైగా క్యాన్సర్ లింఫ్ గ్రంథులకు పాకితే మెడ మధ్యభాగంలోని కొవ్వు, లింఫ్ గ్రంథులన్నీ కలిపి తీసేయాలి. కింది జంట పారాథైరాయిడ్‌లు సరిగ్గా ఆ కొవ్వులోనే ఉంటాయి. ఒకవైపు తీస్తే ప్రమాదం కొంత, రెండువైపులా తీస్తే బాగా ఎక్కువ.

అందువల్ల పారాథైరాయిడ్‌ల భవిష్యత్తు సగం ఆపరేషన్ మొదలుకాకముందే, ఎంత తీయాలన్న నిర్ణయంతోనే తేలిపోతుంది. థైరాయిడ్‌లో ఒక సగం మాత్రమే తీసే లోబెక్టమీలో అవతలివైపు రెండు పారాథైరాయిడ్‌ల జోలికే వెళ్లరు. అవి చాలు. శాశ్వత లోపం దాదాపు రాదు. మొత్తం తీసినప్పుడే నాలుగూ ముప్పులో పడతాయి. పరికరాల గురించి ఎంత చెప్పుకున్నా, పారాథైరాయిడ్‌ను ఇంత గట్టిగా కాపాడే ఉపాయం ఇంకోటి లేదని నాకనిపిస్తుంది.

అలాగని అందరికీ సగంతో సరిపోదు. 1 సెంటీమీటరు లోపు, బయటికి పాకని క్యాన్సర్‌కు ఆపరేషన్ చేయాల్సి వస్తే లోబెక్టమీ చాలని అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ 2015 మార్గదర్శకాలు చెప్పాయి. 1 నుంచి 4 సెంటీమీటర్ల మధ్య, వేరే ప్రమాద సూచనలు లేకపోతే రెండు దారులూ ఒప్పుకోదగ్గవేనన్నాయి. 4 దాటినా, థైరాయిడ్ బయటికి పాకినట్టు స్పష్టంగా కనిపించినా మొత్తం తీయడం మంచిదన్నాయి. మొత్తం తీస్తే, మిగిలిన థైరాయిడ్ కణాలను రేడియోధార్మిక అయోడిన్‌తో చంపే రేడియో అయోడిన్ వైద్యానికి వీలుంటుంది, థైరాయిడ్ కణాలు తయారుచేసే థైరోగ్లోబ్యులిన్ అనే ప్రోటీన్ పరీక్షతో క్యాన్సర్ తిరగబెట్టిందేమో చూడటం తేలిక. సగం తీస్తే, పాథాలజీ రిపోర్టు చూశాక రెండో సగం కోసం మళ్లీ ఆపరేషన్ బల్ల ఎక్కాల్సి రావచ్చు. జపాన్‌లో కోబే నగరంలోని కుమా ఆసుపత్రి 1993 నుంచి 1 సెంటీమీటరుకు మించని, ప్రమాదం తక్కువ ఉన్న పాపిలరీ క్యాన్సర్లను (థైరాయిడ్ క్యాన్సర్లలో ఎక్కువగా వచ్చే రకం) కొందరిలో కోయకుండా, స్కాన్లతో గమనిస్తూ వస్తోంది. అక్కడ పారాథైరాయిడ్ ప్రశ్నే రాదు.

ఇంతకన్నా ముదిరిన వాదం ఒకటుంది. స్కాన్‌లో లింఫ్ గ్రంథులకు క్యాన్సర్ పాకినట్టు కనపడకపోయినా, ముందుజాగ్రత్తగా మెడ మధ్యభాగంలోని కొవ్వు, లింఫ్ గ్రంథులు తీసేయాలా? చేయాలనేవారు చెప్పేది: పాపిలరీ క్యాన్సర్‌లో స్కాన్‌కు అందని సూక్ష్మ వ్యాప్తి మామూలే. తర్వాత తిరగబెడితే మచ్చకట్టిన మెడలో రెండో ఆపరేషన్ కష్టం, అప్పుడు పారాథైరాయిడ్‌లకు మరింత ముప్పు. వద్దనేవారు చెప్పేది: ఆ సూక్ష్మ వ్యాప్తిలో చాలాభాగం ఎప్పటికీ ఇబ్బంది పెట్టదు. ముందే తీసినవారు ఎక్కువకాలం బతుకుతున్నారనడానికి ఆధారం లేదు. కాల్షియం తగ్గడం మాత్రం కచ్చితంగా పెరుగుతుంది. 2015 మార్గదర్శకాలు చిన్న కణితులకు ఇది అక్కర్లేదని, పెద్దవాటికి ఆలోచించవచ్చని మధ్యే మార్గం చెప్పాయి. థైరాయిడ్ క్యాన్సర్‌లోనే మరో రకమైన మెడుల్లరీ సంగతి వేరు. అది తొందరగా లింఫ్ గ్రంథులకు చేరుతుంది, రేడియో అయోడిన్‌కు లొంగదు. కాబట్టి అక్కడ మధ్యభాగం తీయడమే సాధారణ పద్ధతి.

## కంటికి కనపడని వెలుగు, ఆకుపచ్చ రంగు

అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక వింత గమనించారు. సుమారు 785 నానోమీటర్ల పరారుణ కాంతి వేస్తే పారాథైరాయిడ్ తనంతట తానే, ఏ రంగూ ఎక్కించకుండానే, దాదాపు 820 నానోమీటర్ల దగ్గర వెలుగుతుంది. థైరాయిడ్ కన్నా ప్రకాశవంతంగా. మన కంటికి ఆ వెలుగు కనపడదు, ప్రత్యేక కెమెరా కావాలి. ఎందుకు వెలుగుతుందో ఇంతవరకూ తేలలేదు. అయినా పనికొచ్చింది. ఈ సూత్రం మీద పనిచేసే రెండు పరికరాలకు అమెరికాలో మందులు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ 2018లో అనుమతి ఇచ్చింది.

ఫ్రాన్స్‌లో 241 మందిపై జరిగి 2020లో వెలువడిన ట్రయల్‌లో, కెమెరా వాడిన వర్గంలో తాత్కాలికంగా కాల్షియం తగ్గినవారు 9.1 శాతం. వాడని వర్గంలో 21.7 శాతం. పొరపాటున గ్రంథి తీసేయడం, తీసి నాటాల్సిరావడం కూడా తగ్గాయి. శాశ్వత లోపం విషయంలో మాత్రం తేడా తేలలేదు. అది ఎలాగూ తక్కువమందికే వస్తుంది, తేడా పట్టాలంటే ఇంకా చాలా పెద్ద ట్రయల్ కావాలి.

ఇక్కడ ఒక చిన్న మెలిక. ఈ వెలుగు గ్రంథి బతికుందని చెప్పదు. రక్తం ఆగినా వెలుగుతుంది, కోసి బయట పెట్టినా వెలుగుతుంది. అంటే మన నాలుగు అంచెల్లో మొదటిదానికి ఇది గొప్ప సాయం, మూడోదానికి కాదు.

మూడో అంచెకు వాడేది ఇండోసయనిన్ గ్రీన్ అనే రంగుమందు. సిరలోకి ఎక్కిస్తే రక్తం పారినచోటల్లా కెమెరాలో వెలుగు కనిపిస్తుంది. జెనీవాలో 196 మందిపై చేసిన ట్రయల్ 2018లో వచ్చింది. వారిలో 146 మందికి ఆపరేషన్ చివర్లో కనీసం ఒక్క గ్రంథిలోనైనా రక్తం బాగా పారుతున్నట్టు కనిపించింది. ఆ 146 మందిలో ఒక్కరికీ పారాథైరాయిడ్ లోపం రాలేదు. అయితే బాగా వెలగని మిగతా 50 మందిలోనూ ఎక్కువమందికి లోపం రాలేదు. అంటే ఈ పరీక్ష బాగుందంటే గట్టిగా నమ్మొచ్చు, బాగాలేదంటే భయపడిపోనక్కర్లేదు. చైనాలో మరో దారి వాడుకలో ఉంది: థైరాయిడ్‌లోకి కార్బన్ నానోకణాలు ఎక్కిస్తే థైరాయిడ్, దాని లింఫ్ గ్రంథులు నల్లబడతాయి, పారాథైరాయిడ్ నల్లబడదు. నలుపులో నలుపు కానిది దొరుకుతుంది.

## తీసి నాటితే కాపాడినట్టేనా?

రక్తం అందదని తేలిన గ్రంథిని పారేయరు. చల్లని సెలైన్‌లో ఉంచి, మిల్లీమీటరంత ముక్కలుగా తరిగి, మెడ పక్క కండరంలో చిన్న జేబులా చేసి అందులో నాటుతారు. కొత్త రక్తనాళాలు మొలుచుకొచ్చి అది పని మొదలుపెట్టడానికి వారాలు పడుతుంది. క్యాన్సర్‌లో ఒక అదనపు జాగ్రత్త ఉంది. ఆ ముక్క నిజంగా పారాథైరాయిడేనా, క్యాన్సర్ పాకిన లింఫ్ గ్రంథా అని నాటేముందు చిన్న ముక్కను ఫ్రోజెన్ సెక్షన్‌కు, అంటే గడ్డకట్టించి అప్పటికప్పుడే మైక్రోస్కోప్ కింద చూసే పరీక్షకు, పంపి నిర్ధారించుకోవాలి. లేకపోతే క్యాన్సర్‌నే కండరంలో నాటినట్టవుతుంది.

ఒకప్పుడు కొందరు నిపుణులు ప్రతి ఆపరేషన్‌లోనూ కనీసం ఒక గ్రంథిని కావాలనే తీసి నాటడం మంచిదన్నారు. ఒక్కటైనా కచ్చితంగా బతుకుతుందన్నది వారి లెక్క. బార్సిలోనా సర్జన్ల బృందం ఎదురు లెక్క వేసింది: నాలుగులోంచి నాటినవాటినీ, పొరపాటున పోయినవాటినీ తీసేస్తే ఉన్నచోట మిగిలినవి ఎన్ని? ఆ సంఖ్య ఎంత తక్కువైతే లోపం అంత శాశ్వతం కావచ్చని వారు చూపారు.

ఉదాహరణకు ఇద్దరిని ఊహించుకుందాం. మొదటివ్యక్తికి ఒక గ్రంథి నాటారు, ఏదీ పోలేదు: 4 లోంచి 1 తీస్తే 3. రెండో వ్యక్తికి రెండు నాటారు, పాథాలజీ రిపోర్టులో ఇంకోటి దొరికింది: 4 లోంచి 3 తీస్తే 1. ఇద్దరి డిశ్చార్జి కాగితంలోనూ పారాథైరాయిడ్‌లు గుర్తించి కాపాడామనే రాసుండవచ్చు. కోలుకునే అవకాశాలు మాత్రం ఒకటి కావు. అయితే ఈ లెక్కకూ ఒక పరిమితి ఉంది. ఉన్నచోట మిగిలినదానికి రక్తం అందుతోందో లేదో ఇది చూడదు. ఈరోజు ఎక్కువమంది సర్జన్లు ఒప్పుకునే మాట: బతికున్నదాన్ని కదపొద్దు, రక్తం ఆగినదాన్ని వదలొద్దు.

## ఆపరేషన్ తర్వాత అంకెలు ఎలా చదవాలి

ఇక్కడే జనం ఎక్కువగా తికమకపడతారు. రక్తంలో మొత్తం కాల్షియం సాధారణంగా డెసిలీటరుకు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాములు. దాంట్లో దాదాపు సగం, రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రోటీన్ వంటివాటికి అంటుకుని ఉంటుంది. నరాలకు పనికొచ్చేది విడిగా ఉన్న సగమే. ఆల్బుమిన్ తగ్గితే మొత్తం కాల్షియం తక్కువగా కనిపిస్తుంది, కానీ విడి కాల్షియం మామూలుగానే ఉండొచ్చు. వాడుకలో ఉన్న సవరణ ఇది: ఆల్బుమిన్ 4 కన్నా ఎంత తక్కువుంటే దాన్ని 0.8తో గుణించి కాల్షియానికి కలపాలి. రిపోర్టులో కాల్షియం 7.8, ఆల్బుమిన్ 2.9 అనుకుందాం. 4 లోంచి 2.9 తీస్తే 1.1. దాన్ని 0.8తో గుణిస్తే 0.88. కలిపితే 8.68. చూడగానే కంగారుపెట్టిన అంకె మామూలు హద్దులోకి వచ్చింది. ఇది అంచనా మాత్రమే. అనుమానముంటే ఆ విడి కాల్షియాన్నే (అయనైజ్డ్ కాల్షియం) నేరుగా కొలుస్తారు.

రెండో తికమక సమయం గురించి. పీటీహెచ్ రక్తంలో సగానికి పడిపోవడానికి నాలుగైదు నిమిషాలు చాలు. కాల్షియం మాత్రం మెల్లగా దిగి, రెండు మూడు రోజులకు అట్టడుగుకు చేరుతుంది. ఆపరేషన్ రోజు సాయంత్రం ఇద్దరి రిపోర్టులు చూద్దాం. ఒకరికి కాల్షియం 8.9, పీటీహెచ్ 4. ఇంకొకరికి కాల్షియం 8.3, పీటీహెచ్ 28. మొదటి రిపోర్టు బాగున్నట్టు కనిపిస్తుంది, నిజానికి రెండు రోజుల్లో ఇబ్బందిపడే అవకాశం ఆ వ్యక్తికే ఎక్కువ. రెండో వ్యక్తి గ్రంథులు పనిచేస్తున్నాయి. ఆపరేషన్ అయి కనీసం 20 నిమిషాలు గడిచాక కొలిచిన పీటీహెచ్ మిల్లీలీటరుకు 15 పికోగ్రాములు, ఆపైన ఉంటే గట్టి కాల్షియం వైద్యం అవసరం పడకపోవచ్చని అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ 2018 ప్రకటన చెబుతుంది. చెవి ముందు తట్టి బుగ్గ అదురుతుందేమో చూసే పాత పరీక్ష మీద మరీ ఆధారపడలేం. ఏ లోపమూ లేనివారిలోనూ కొందరికి అదురుతుంది.

కాల్షియం బిళ్లలతో ఎందుకు ఒక్కోసారి అంకె కదలదో కూడా ఇక్కడే చూడాలి. కాల్షియం కార్బొనేట్ కరగడానికి కడుపులో ఆమ్లం కావాలి. గ్యాస్ మాత్రలు వాడేవారిలో అది సరిగ్గా ఒంటబట్టదు, అప్పుడు కాల్షియం సిట్రేట్ నయం. మెగ్నీషియం తక్కువుంటే పీటీహెచ్ తయారీయే మందగిస్తుంది. పీటీహెచ్ లేనిదే మామూలు విటమిన్ డి చురుకైన రూపానికి సరిగా మారదు, అందుకే ఆ చురుకైన రూపాన్నే, అంటే కాల్సిట్రయాల్‌ను, మందుగా ఇస్తారు. కాల్షియం థైరాయిడ్ మాత్రను పేగులోనే అడ్డుకుంటుంది కాబట్టి రెంటికీ మధ్య నాలుగు గంటల ఎడం పెడతారు.

## తాత్కాలికమా, శాశ్వతమా

మొత్తం థైరాయిడ్ తీసినవారిలో తాత్కాలికంగా కాల్షియం తగ్గడం మామూలే. 2014లో వచ్చిన ఒక సమగ్ర విశ్లేషణలో దీని మధ్యస్థ రేటు 27 శాతం, శాశ్వత లోపానిది 1 శాతం. కానీ బ్రిటన్, స్వీడన్ వంటి దేశాల రిజిస్టర్లలో శాశ్వత లోపం 10 శాతం దాటిన లెక్కలూ ఉన్నాయి. ఎవరో అబద్ధమాడుతున్నారని కాదు. మొదటివి ఎక్కువగా పేరున్న కేంద్రాలు రాసుకున్నవి, రెండోవి అందరి ఫలితాలూ కలిపినవి. పైగా శాశ్వతం అంటే ఏమిటన్న గీతే ఒక్కొక్కరిది ఒక్కోచోట. ఆపరేషన్ అయిన పదో నెలలో పీటీహెచ్ కోలుకుని మాత్రలు మానేసిన వ్యక్తిని తీసుకోండి. ఆరు నెలల గీత పెట్టుకున్న అధ్యయనంలో ఆయన శాశ్వత లోపం ఖాతాలో పడతాడు. 2022 అంతర్జాతీయ మార్గదర్శకాల 12 నెలల గీత ప్రకారం కోలుకున్నవాడు. ఇంకా మాత్రలు వాడుతున్నారా అని మాత్రమే చూసే అధ్యయనాల్లో, అవసరం తీరినా ఎవరూ ఆపమనక వాడుతూ పోయేవారు కూడా కలిసిపోతారు.

మాత్రలు ఎప్పుడు తగ్గించాలన్నదీ చర్చలో ఉన్న విషయమే. మొదటి వారాల్లో కాల్షియం కాస్త పైనే ఉంచితే దెబ్బతిన్న గ్రంథికి విశ్రాంతి దొరికి తేరుకుంటుందని ఒక వాదం. మరీ పైన ఉంచితే గ్రంథికి పని చేయాల్సిన అవసరమే తెలియక నిద్రపోతుందని ఇంకో వాదం. రెంటికీ తర్కముంది, తుది తీర్పు ఇంకా రాలేదు.

నిజంగా శాశ్వతమైన లోపంలో మరో చిక్కు ఉంది. కాల్షియం మాత్రలు, కాల్సిట్రయాల్ రక్తంలో అంకెను సరిచేస్తాయి కానీ, కిడ్నీ దగ్గర కాల్షియాన్ని ఆపే పీటీహెచ్ ఉండదు. తీసుకున్న కాల్షియంలో చాలాభాగం మూత్రంలోకి పోతుంది. ఏళ్లు గడిచేకొద్దీ రాళ్లు, కిడ్నీ మందగించడం మొదలవుతాయి. అందుకే ఇలాంటివారిలో కాల్షియాన్ని మామూలు హద్దు మధ్యకు తేవాలని ప్రయత్నించరు. కింది అంచు దగ్గర, లక్షణాలు లేకుండా ఉంటే చాలనుకుంటారు. రక్తంతోపాటు 24 గంటల మూత్రంలో కాల్షియం కూడా చూసేది అందుకే. పోయిన హార్మోన్‌నే తిరిగి ఇచ్చే మందుల్లో పాలోపెగ్‌టెరిపారటైడ్ అనే రోజువారీ ఇంజెక్షన్‌కు ఐరోపా 2023లో, అమెరికా 2024లో పెద్దవారి కోసం అనుమతి ఇచ్చాయి. ఇది వాడినవారిలో ఎక్కువమంది కాల్సిట్రయాల్ మానేసి, కాల్షియం మాత్రలు బాగా తగ్గించుకోగలిగారు, మూత్రంలో కాల్షియం కూడా తగ్గింది. కిడ్నీలను అది ఎన్నేళ్లపాటు కాపాడుతుందన్నది ఇంకా చూడాల్సిన సంగతి.